పాట రికార్డు చేయడానికి ఏ సాఫ్ట్‌వేరు మంచిది?



ఈ నెల మన శీర్షికలో యౌవనస్థులు పదే పదే అడుగుతున్న ఒక ప్రశ్నను తీసుకుంటున్నాము. గుమ్మలక్ష్మీపురం నుండి, దాని చుట్టూ ఉన్న కొండ గ్రామముల నుండి, కురుపాము వైపు నుండి వచ్చిన మాటలన్నిటి సారాంశము ఇది: "సంఘమంతా చందాలు వేసుకొని ఒక పాత కంప్యూటరు కొన్నాము. కీబోర్డు ఉన్నది, ఒక మైకు ఉన్నది. ఇంటిలోనే ఒక గదిని స్టూడియోగా చేసుకొని పాటలు రికార్డు చేయాలని ఆశ. ఏ సాఫ్ట్‌వేరు వేసుకోవాలి? విశాఖలో చదువుకుంటున్న తమ్ముడు సినిమావాళ్లు వాడే పెద్ద సాఫ్ట్‌వేరును పెన్‌డ్రైవులో ఊరికే తెచ్చి ఇస్తానంటున్నాడు. తీసుకోవచ్చునా?"

ఆఖరి ప్రశ్నకు ముందే జవాబు చెప్పేస్తాము. తీసుకోవద్దు. కారణములు తరువాత వస్తాయి.

మొదటి ప్రశ్నకు జవాబు చెప్పాలంటే మేము తిరిగి ఒక ప్రశ్న వేయాలి. మీరు రికార్డు చేయబోయేది ఏ పాట? చాలామంది ఈ సంగతి ఆలోచించకుండానే "ఏది గొప్పది?" అని అడుగుతారు. నాగలి కొనేవాడు ముందుగా తన నేల ఎలాంటిదో చూసుకుంటాడు గదా. పోడు కొండవాలులో దున్నేవానికి ట్రాక్టరు గొప్పదే గాని అది అక్కడికి ఎక్కదు.

ఈ రోజులలో వినబడే పాటలు రెండు రకములు. ఒకటి, కంప్యూటరులోనే పుట్టే పాట. డ్రమ్ములు, వయొలిన్లు, వేణువు అన్నీ కీబోర్డు మీద నొక్కి ఒకదాని మీద ఒకటి పేర్చి, చివరన ఒక్క గాయకుడు వచ్చి పాడి వెళ్లేది. రెండవది, మనుష్యులు కలిసి కూర్చొని పాడే పాట. ఒక పెద్దమ్మ పల్లవి ఎత్తుకుంటుంది, పదిమంది అందుకుంటారు, ఒకరు డప్పు, ఒకరు కంజిర, మరొకరు తాళములు. మొదటి చరణములో నెమ్మదిగా ఉన్న పాట నాలుగవ చరణమునకు వచ్చేసరికి పరుగెత్తుతుంది. గుమ్మలక్ష్మీపురం మండలములో ఎక్కువగా ఉన్నది ఈ రెండవ రకమే. మీరు కొనబోయే సాఫ్ట్‌వేరులలో చాలా వాటిని తయారుచేసినవారు మొదటి రకమును మనసులో పెట్టుకొని చేశారు. చిక్కంతా ఇక్కడనే ఉన్నది.

ఆ ప్రాంతము ఎరుగని పాఠకుల కొరకు నాలుగు మాటలు. గుమ్మలక్ష్మీపురం పూర్వము విజయనగరం జిల్లాలో ఉండేది. 2022 ఏప్రిల్ 4 నుండి పార్వతీపురం మన్యం జిల్లాలో చేరినది. కొండ దాటితే ఒడిశా. సవరలు, జాతాపువారు ఎక్కువగా నివసించే సీమ. జాతాపువారిలో తెలుగే ఇంటి భాష అయిపోయినవారు ఇప్పుడు చాలామంది. సవరలు మాత్రము తమ భాషను నిలుపుకున్నారు. 2011 జనాభా లెక్కలలో సవరను మాతృభాషగా చెప్పుకున్నవారు దేశమంతటా 4 లక్షల పైచిలుకు. తెలుగు లిపిలో సవర వాచకములు కూడ వచ్చినవి. అయినా పాటల సంగతి వేరు. నాట్లు వేస్తూ పాడే పాట, పెండ్లిలో పాడే పాట, బిడ్డను నిద్రపుచ్చే పాట, కొండమీది చిన్న కూటములలో తమ సొంత భాషలో కట్టుకున్న ఆరాధన పాట, వీటిలో అధిక భాగము ఏ కాగితము మీదను లేదు. అవి అరవై, డెబ్బది ఏండ్ల స్త్రీల నోట ఉన్నవి. ఆశ్రమ పాఠశాలలో చదివి సెలవులకు ఇంటికి వచ్చిన మనుమరాలు ఫోనులో విన్న తెలుగు పాట పాడుతుంది. ఆమెను తప్పు పట్టడానికి లేదు. అయితే ఆ అవ్వ పాట ఆమెకు రాదు, అవ్వ తరువాత ఎవరికీ రాదు. మీ ఇంటి స్టూడియోలో ఆ పాట ఒక్కసారి మాత్రమే రికార్డు అవుతుందేమో. రేపటివారికి మిగిలేది ఆ రికార్డే. అందుచేత సాఫ్ట్‌వేరు ఎంపిక కుర్రవాళ్ల సరదా అని మేము కొట్టివేయలేము.

పాటను, మాటను యంత్రములో పట్టి దాచాలన్న ఆలోచన మన దేశములో కొత్తది కాదు. గ్రియర్సన్ దొర నడిపిన భారత భాషల సర్వేలో భాగముగా 1913 మొదలు 1929 వరకు అనేక భాషలవారి చేత మాట్లాడించి గ్రామఫోను రికార్డులు చేయించారు. వాటిలో చాలా భాషలకు నమూనాగా ఎంచుకున్నది తప్పిపోయిన కుమారుని ఉపమానమే. అమెరికాలో జాయ్ రిడర్‌హాఫ్ అనే మిషనరీ 1939లో ఒక రికార్డింగు పరిచర్య ప్రారంభించినది. చదువను రాని వారికి వారి భాషలోనే వినిపించాలని ఆమె ఆశ. ఇక మన కొండలకు దగ్గరగా చెప్పుకోవాలంటే గిడుగు రామమూర్తి పంతులు గారు. పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉంటూ సవర భాష నేర్చుకొని, 1931లో ఆ భాషా వ్యాకరణ గ్రంథమును ప్రకటించారు. ఆగస్టు 29న మనము తెలుగు భాషా దినోత్సవము చేసుకునేది ఆయన జన్మదినమందే. తెలుగువారు ఆయనను వ్యావహారిక భాష కొరకు తలుస్తారు, సవరల కొరకు చేసిన పనిని అంతగా తలవరు. ఆయన చేతిలో ఉన్నది కలము, చెవి. మీ చేతిలో కంప్యూటరు ఉన్నది.

ఇక సాఫ్ట్‌వేరుల లోనికి వద్దాము.

రికార్డింగు సాఫ్ట్‌వేరు చేసే పని ముఖ్యముగా మూడు భాగములు. మైకు నుండి వచ్చిన శబ్దమును పట్టి దాచుట. వేరు వేరుగా పట్టిన శబ్దములను, అనగా గొంతు ఒకటి, డప్పు ఒకటి, హార్మోనియము ఒకటి, పొరలుగా పేర్చి కలుపుట. ఈ పొరలనే ట్రాకులు అంటారు. మూడవది, కలిపినదానిని అందరు వినగలిగే ఫైలుగా బయటకు తీయుట. కాసెట్ల రోజులలో ఒక కొయిరు పాటలు రికార్డు చేయాలంటే మద్రాసో విజయవాడో వెళ్లి, గంటల చొప్పున అద్దె కట్టి, గడియారము చూసుకుంటూ పాడవలసి వచ్చేది. ఎవరికైనా దగ్గు వస్తే డబ్బు పోయినట్టే. ఇప్పుడు ఈ మూడు పనులకు ఇంటి కంప్యూటరు చాలు.

ఆడాసిటీ అనేది మొదట చూడవలసినది. అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయములో డొమినిక్ మజోని, రోజర్ డానెన్‌బర్గ్ అనేవారు 1999లో మొదలుపెట్టి 2000లో అందరికీ ఇచ్చారు. పూర్తిగా ఉచితము. దాని లోపలి వ్రాతను కూడ ఎవరైనా చూడవచ్చు, మార్చుకోవచ్చు. 2021లో మ్యూజ్ గ్రూప్ అనే కంపెనీ చేతికి వెళ్లినది, అయినా ఉచితముగానే ఉన్నది. తెర మీద గజిబిజి లేదు. ఎర్రని గుండ్రని మీట నొక్కితే రికార్డు అవుతుంది, నల్లని చతురస్రము నొక్కితే ఆగుతుంది. పదవ తరగతి చదివిన పిల్ల ఒక సాయంకాలములో నేర్చుకుంటుంది. మధ్యలో కరెంటు పోయి కంప్యూటరు ఆగిపోయినా, మరల తెరచినప్పుడు అంతవరకు రికార్డు అయినదానిని చాలావరకు తిరిగి ఇస్తుంది. మన్యములో వర్షకాలము గడిపినవారికి ఈ గుణము విలువ మేము చెప్పనక్కరలేదు. ఒకటి రెండు మైకులతో అవ్వ పాట పట్టడానికి, వాక్య సందేశము పట్టడానికి, పాత కాసెట్లను కంప్యూటరులోనికి ఎక్కించడానికి ఇది సరిపోతుంది. లోటు ఎక్కడ? కీబోర్డు నుండి వచ్చే మిడి సంకేతములను రికార్డు చేసుకొని తరువాత వాయిద్యము మార్చుకోవడము దీనిలో కుదరదు. ఎక్కువ ట్రాకులు పెట్టి కలపడము కూడ దీనికి అలవాటైన పని కాదు.

ఆ అవసరము వచ్చినవారికి మేము చెప్పేది రీపర్. వెనుక ఇంటర్నెట్టు సెంటర్లలో పాటలు వినడానికి విన్‌యాంప్ అని ఒకటి ఉండేది, పెద్దవారికి గుర్తుంటుంది. దానిని చేసిన జస్టిన్ ఫ్రాంకెల్ అనే ఆయనదే ఇదియును. డౌన్‌లోడు చాలా చిన్నది, సిగ్నలు అంతంత మాత్రముగా ఉన్న చోట కూడ దిగుతుంది. పాత కంప్యూటరు మీద కూడ బరువు లేకుండా నడుస్తుంది. 60 దినములు ఏ అడ్డు లేకుండా పూర్తిగా వాడి చూడవచ్చు. తరువాత వెల కట్టాలి. సొంతానికి వాడుకునేవారికి, లాభాపేక్ష లేని సంస్థలకు తగ్గింపు వెల 60 డాలర్లు, అనగా మన రూపాయలలో 5,000 పైన. వ్యాపార స్టూడియోలకు వేరే వెల. 60 దినములు దాటినా అది తనంతట తాను మూతపడదు, వెల కట్టమని గుర్తుచేస్తూ తెరుచుకుంటూనే ఉంటుంది. ఇది చూసి "అయితే కట్టనక్కరలేదు గదా" అనేవారు ఉన్నారు. తలుపు తాళము వేయలేదని ఎదుటివాని ఇంటిలోనికి వెళ్లేవానిని మనము ఏమంటామో ఆలోచించండి. 60 దినములలో మీ పని దీనితో జరుగుతున్నదని తేలితే కట్టండి, లేదా ఆడాసిటీకి తిరిగి రండి. రెండును గౌరవమైన దారులే.

రీపర్ నేర్చుకోవడానికి మాత్రము ఓపిక కావాలి. మీటలు ఎక్కువ, మెనూలు ఎక్కువ. సంఘములో ఒక్కరైనా రెండు నెలలు దాని మీద కూర్చోవాలి. ఆ ఒక్కరు ఉద్యోగము వచ్చి ఊరు విడిచి వెళ్లిపోతే తరువాత ఎవరు? అందుచేత మొదటి రోజు నుండి ఇద్దరు నేర్చుకోండి. ఆ ఇద్దరిలో ఒకరు ఊరిలోనే ఉండిపోయే ఆడపిల్లో, కోడలో అయితే మరీ మంచిది. అవ్వలు ఆమె ముందే సిగ్గుపడకుండా పాడతారు.

మూడవది కేక్‌వాక్. దీని గూర్చి చెప్పేది ముఖ్యముగా ఒక హెచ్చరిక కొరకే. 1987లో పుట్టినది, మంచి పేరున్నది. 2013లో గిటార్లు చేసే గిబ్సన్ కంపెనీ కొనుక్కున్నది. 2017 నవంబరులో ఇక దీనిని చేయము అని ఆ కంపెనీ ప్రకటించినది. డబ్బు పెట్టి కొన్నవారు, దానిలోనే తమ పాటలన్నీ దాచుకున్నవారు చేతులు నలుపుకున్నారు. మరుసటి సంవత్సరము బ్యాండ్‌ల్యాబ్ అనే సంస్థ దానిని తీసుకొని ఉచితముగా ఇచ్చినది, తరువాత మరల పేర్లు, పద్ధతులు మారినవి. ఎంత పెద్ద సంస్థదైనా సాఫ్ట్‌వేరు మనకంటె ముందే పోవచ్చు. పాట దానితోపాటు పోకుండా చూసుకోవాలి. అది ఎలాగో కొంచెము తరువాత చెప్తాము.

క్యూబేస్, ఎఫ్.ఎల్. స్టూడియో వంటివి మంచివే. ఎఫ్.ఎల్. స్టూడియో కీబోర్డు పాటలు కట్టేవారికి ఎంతో అనుకూలము. అయితే పై రెండవ రకము పాటకు దాని నిర్మాణము తగినది కాదు. ఆపిల్ కంప్యూటరు గాని ఐఫోను గాని ఉన్న ఇంటివారికి గ్యారేజ్‌బ్యాండ్ ఉచితముగానే దొరుకుతుంది, దానితో మొదలుపెట్టవచ్చు. కంప్యూటరే లేనివారు నిరాశపడనక్కరలేదు. ఫోనులో వేవ్ ఫైలుగా రికార్డు చేసే యాప్ ఒకటి వేసుకొని, ఫోనును చేతిలో పట్టుకోకుండ ఒక పీట మీద మెత్తని గుడ్డ పరచి పెట్టి, పాడేవారికి రెండు మూడు అడుగుల దూరములో ఉంచితే వినదగిన రికార్డు వస్తుంది.

ఇక పెన్‌డ్రైవులో వచ్చే తాళము పగులగొట్టిన సాఫ్ట్‌వేరు సంగతి. మొదటిది, అది దొంగ సొత్తు. పది ఆజ్ఞలలో దొంగతనమును గూర్చిన ఆజ్ఞ సండే స్కూలు పిల్లలకు కంఠతా వచ్చును. దాని మీద ఆరాధన పాటలు రికార్డు చేయుట ఎంతమాత్రము తగదు, దీనిలో మేము మెత్తగా మాట్లాడలేము. రెండవది, ఆ తాళము తీసినవాడు ఊరికే తీయడు. అలాంటి వాటితోపాటు వైరసులు దిగుట సర్వసాధారణము. సంఘపు కంప్యూటరులో పాటలు మాత్రమే ఉండవు. సంఘస్థుల పేర్లు, చందాల లెక్కలు, ఫోటోలు ఉంటాయి. మూడవది, ఆ సాఫ్ట్‌వేరు విండోస్ మారినప్పుడు తెరుచుకోదు, అడగడానికి ఎవరూ ఉండరు. ఉచితముగా న్యాయముగా దొరికేవి ఇన్ని ఉండగా ఆ దారి ఎందుకు?

ఏది ఎంచుకున్నా, దానిని అవ్వ పాటకు లోబరచుట మీ పని. ఈ విషయము సాఫ్ట్‌వేరు పేరుకంటె ముఖ్యము గనుక కొంచెము నిదానముగా వినండి.

రీపర్ వంటి సాఫ్ట్‌వేరు తెరవగానే తెర మీద గడులు కనబడతాయి. నిమిషమునకు 120 దెబ్బలు, ఒక్కొక్క గడికి నాలుగు. టిక్కు టిక్కుమని మెట్రోనోము కొడుతుంది. మనుష్యుల పాట ఆ గడులలో ఇమడదు. ఇమడనందుకు పాడినవారిది తప్పు అనుకొని "అవ్వా, తాళము తప్పుతున్నావు" అనే కుర్రవాళ్లను మేము చూచాము. అవ్వ తాళము తప్పలేదు. ఆమె తాళము అడుగులతో, ఊపిరితో కట్టినది. రికార్డు చేసేటప్పుడు మెట్రోనోము ఆపివేయండి. ట్రాకులను గడులకు అతికించే స్నాప్ అనే సదుపాయమును కూడ ఆపండి. తరువాత కీబోర్డు చేర్చాలనుకుంటే, అప్పుడు పాట నడకను అనుసరించి గడులను జరుపుకొనుటకు రీపర్‌లో వీలున్నది. ముందు పాట, తరువాత గడులు.

శ్రుతి సంగతి కూడ ఇంతే. అవ్వ తన గొంతుకు తోచిన చోట ఎత్తుకుంటుంది. అది కీబోర్డు మెట్లకు సరిగా కలవకపోవచ్చు. ఆమెను కీబోర్డుకు తగ్గించకండి. ట్రాన్స్‌పోజ్, ట్యూనింగ్ అనే మీటలతో కీబోర్డునే ఆమె దగ్గరకు తీసుకుపోవచ్చు. శ్రుతిని సరిచేసే ఆటో-ట్యూన్ అనే పరికరము మీద యౌవనస్థులకు మోజు ఎక్కువ. దీనిని 1997లో తెచ్చినవాడు ఆండీ హిల్డెబ్రాండ్. అంతకుముందు ఆయన పని, భూమిలోనికి ధ్వని తరంగములను పంపి చమురు ఎక్కడున్నదో కనుగొనుట! ఆ గణితమునే గొంతు మీదకు తిప్పాడు. అది సాధారణముగా ప్రతి స్వరమును దగ్గరలో ఉన్న కీబోర్డు మెట్టు మీదకు లాగుతుంది. మన పాట మెట్ల మీద నిలబడేది కాదు, మెట్ల మధ్య జారుతూ ఊగుతూ పోయేది. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకము తెరిస్తే పాట పైన రాగము పేరు, తాళము పేరు ఉంటాయి. పురుషోత్తమ చౌదరి గారు (1803–1890) మొదలైన పెద్దలు కీర్తనలను ఆ రాగములలో కట్టారు. ఆ గమకములను ఆటో-ట్యూన్ నున్నగా గొరిగివేస్తుంది. గట్టిగా పెడితే మనిషి గొంతు రేకు డబ్బాలో నుండి వచ్చినట్టు ఉంటుంది. సినిమా పాటకు అది అందమేమో, మాకు తెలియదు.

మూడవ అపాయము చప్పుడు తీసివేసే పరికరము. ఆడాసిటీలో ఉన్నది, మంచి సాధనమే. ఫ్యాను హోరు, కరెంటు గుయ్యి తగ్గిస్తుంది. అయితే సవర భాషలో కొన్ని మాటలు పలికేటప్పుడు గొంతు దగ్గర గాలి ఒక్క క్షణము ఆగుతుంది. కొన్ని మాటల చివరి హల్లు నోటిలోనే మూతపడుతుంది. అవి చాలా మెల్లని ధ్వనులు. చప్పుడు తీసివేతను ఎక్కువగా వాడితే యంత్రము వాటిని కూడ చప్పుడే అనుకొని మింగివేయగలదు. మాట మారిపోతుంది, తెలుగు మాత్రమే వచ్చినవాడు దానిని గుర్తుపట్టడు. అందుచేత సవర పాట మీద ఏ పని చేసినా, సవర బాగుగా వచ్చిన పెద్దవారిని పక్కన కూర్చోబెట్టుకొని, ముందుది తరువాతది రెండూ వినిపించి, ఆయన సరే అంటేనే ఉంచండి.

చప్పుడును యంత్రముతో తీసివేయుటకంటె రాకుండా చూచుట తేలిక. రేకుల ఇంటిలో వానవేళ రికార్డు చేయలేరు. గోడలకు బొంతలు, దుప్పట్లు వ్రేలాడదీయండి. ధాన్యపు బస్తాలు ఉన్న గదిలో ప్రతిధ్వని తగ్గుతుంది, దానికి ఖర్చు లేదు. ల్యాప్‌టాప్ ఉంటే చార్జరు తీసివేసి బ్యాటరీ మీద నడిపితే కరెంటు గుయ్యి చాలాసార్లు పోతుంది. రాత్రి అయితే కీచురాళ్లు, తెల్లవారితే కోళ్లు. మధ్యాహ్నము రెండు గంటలకు ఊరు కొంచెము నిశ్శబ్దముగా ఉంటుంది. ధ్వని మీటరు మైనస్ 12కు, మైనస్ 6కు మధ్య ఆడేటట్టు పెట్టుకోండి. సున్నా తాకితే గొంతు చిట్లుతుంది, దానిని ఏ సాఫ్ట్‌వేరూ పూర్తిగా బాగుచేయలేదు.

"హెడ్‌ఫోనులో నా గొంతు ఆలస్యముగా వినబడుతున్నది" అనే ఫిర్యాదు చాలామందికి ఉన్నది. కంప్యూటరు ధ్వనిని చిన్న చిన్న గంపలలో నింపి మోస్తుంది. గంప పెద్దదైతే ఆలస్యము, మరీ చిన్నదైతే పాత కంప్యూటరు రొప్పి చిటపటమంటుంది. సెకనుకు 48,000 నమూనాల చొప్పున పట్టేటప్పుడు గంపకు 256 నమూనాలు పెడితే ఆలస్యము సుమారు 5 మిల్లీ సెకనులు. రాకపోకలు రెండూ కలిపి ఇంకొంత. గాలిలో ధ్వని 10 మిల్లీ సెకనులలో సుమారు మూడున్నర మీటర్లు పోతుంది. అనగా గదికి ఆ చివరన ఉన్నవాని మాట వినుట వంటిదే, పాడుటకు అడ్డు రాదు. విండోస్ కంప్యూటరులో అంతకంటె ఎక్కువ ఆలస్యముంటే ఏసియో4ఆల్ అనే ఉచిత డ్రైవరు వేసి చూడండి. కొంత డబ్బు ఉంటే, సాఫ్ట్‌వేరు మీద కాక, రెండు మైకులు పట్టే ఆడియో ఇంటర్‌ఫేసు మీద పెట్టండి.

ఇప్పుడు, సాఫ్ట్‌వేరు పోయినా పాట పోకుండా ఉండే ఉపాయము. ప్రతి సాఫ్ట్‌వేరు తన సొంత రకపు ఫైలులో పనిని దాచుకుంటుంది. అది ఆ సాఫ్ట్‌వేరు ఉన్నంతకాలమే. పాట పూర్తి అయిన దినమందే, కలిపిన పాటను ఒక వేవ్ ఫైలుగాను, ఒక్కొక్క ట్రాకును మొదటి నుండి చివరి వరకు విడివిడి వేవ్ ఫైలులుగాను బయటకు తీయండి. వేవ్ ఫైలును ఏ కంప్యూటరైనా, ఏ సాఫ్ట్‌వేరైనా తెరుస్తుంది. ఎం.పి.3 ఫోనులలో పంచుటకు మంచిది. అయిదు నిమిషముల పాట 5 ఎం.బి. లోపే ఉంటుంది, కాని ఆ చిన్నతనము కొరకు ధ్వనిలో కొంత పారవేయబడుతుంది, అది తిరిగి రాదు. అదే పాట నాలుగు మైకులతో మంచి నాణ్యతలో వేవ్‌గా ఉంటే సుమారు 173 ఎం.బి. 32 జి.బి. పెన్‌డ్రైవులో అలాంటివి 180 వరకు పడతాయి. ఒక మండలపు పాటలు ఒక జేబులో పట్టవచ్చునన్నమాట. అయితే ఒక్క పెన్‌డ్రైవు మీద నమ్మకము పెట్టవద్దు. ఒకటి సంఘములో, ఒకటి పాడినవారి కుటుంబములో, ఒకటి పార్వతీపురములోనో విశాఖలోనో ఉన్న మీవారి ఇంటిలో ఉంచండి. సంవత్సరమునకు ఒకసారి తెరచి చూడండి.

ఫైలుకు "పాట 1", "పాట 2 కొత్తది", "పాట 2 కొత్తది చివరిది" అని పేర్లు పెట్టే అలవాటు మానుకోండి. పాడినవారి పేరు, ఊరు, భాష, తేదీ, ఆ పాట ఎప్పుడు పాడతారు, ఎవరి దగ్గర నేర్చుకున్నారు అనే సంగతులు చిన్న నోటుపుస్తకములో వ్రాసి, అదే సంగతి పాటకు ముందు నోటితో చెప్పి రికార్డు చేయండి. పుస్తకము చెదలు తిన్నా గొంతు ఉంటుంది.

పాడినవారి సమ్మతి లేకుండా యూట్యూబులో పెట్టవద్దు. అవ్వకు యూట్యూబు అంటే ఏమిటో మొదట చూపించండి. "ఇలా దేశమంతా చూస్తారు అవ్వా, పెట్టమంటావా?" అని ఆమె భాషలో అడగండి. కొన్ని పాటలు ఇంటివారి కొరకే అని ఆమె అనవచ్చు. అప్పుడు అవి ఇంటివారి పెన్‌డ్రైవులోనే ఉండాలి. పెట్టమంటే ఆమె పేరుతోనే పెట్టండి, కీబోర్డు వాయించినవాని పేరుతో కాదు.

వచ్చే నెల మైకుల గూర్చి వ్రాయాలనుకుంటున్నాము. ఈలోగా సాఫ్ట్‌వేరు విషయములో సందేహములున్నవారు తమ కంప్యూటరుది ఏ విండోస్, ర్యామ్ ఎంత, ఒకేసారి ఎన్ని మైకులు పెట్టదలిచారు, పాడేవారు ఎందరు అనే నాలుగు సంగతులు తప్పక వ్రాయండి. అవి లేకుండా "మంచి సాఫ్ట్‌వేరు చెప్పండి" అని మాత్రమే వ్రాస్తే మేము జవాబు చెప్పలేము.